డాక్టరు అన్నా కుగ్లరు

1883వ సంవత్సరము నాటికి గుంటూరు కృష్ణా మండలములోని పట్టణము. గుంటూరు జిల్లా వేరుగ నేర్పడుటకు ఇంకను ఇరువది యొక్క సంవత్సరములు గడువవలసి యుండెను. ఆ దినములలో ఒక యింటి కోడలికి నొప్పులు వచ్చి, బిడ్డ అడ్డము తిరిగినచో, ఆ యింటివారికి దిక్కు మంత్రసాని యొక్కతెయే. మంత్రసానిని చులకన చేయరాదు. వేలకొలది కాన్పులు ఆమె చేతి మీదుగనే సుఖముగ జరిగినవి. కాని ఆమెకు చేతకాని కాన్పు వచ్చినపుడు పిలుచుటకు రెండవవారు లేరు. పాశ్చాత్య వైద్యము నేర్చినవారు పురుషులు. వారికి నాడి చూపుటకు ఘోషా స్త్రీలు గాని, ఆచారపరులగు హిందూ కుటుంబముల స్త్రీలు గాని సమ్మతించెడివారు కారు. ఇంటివారు గడపలో నిలిచి దేవునికి మ్రొక్కుకొనుచుండగనే తల్లియు బిడ్డయు కన్ను మూసిన యిండ్లు ప్రతి వీథిలోను ఉండెను.

ఆ యేడు నవంబరు 29వ తేదీన ఇరువది యేడేండ్ల అమెరికా యువతి యొకతె గుంటూరు చేరెను. ఆమె పేరు అన్నా శారా కుగ్లరు. ఆమె వైద్యురాలు. అయినను ఆమెను పంపినవారు వైద్యము చేయుమని పంపలేదు.

అన్నా కుగ్లరు 1856వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమున, ఫిలడెల్ఫియా నగరమునకు సమీపముననున్న ఆర్డ్‌మోర్ గ్రామములో జన్మించెను. ఉన్నత పాఠశాల చదువు ముగిసిన పిమ్మట ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో చేరెను. ఆ కళాశాల 1850లో స్థాపింపబడినది. ఇతర వైద్య కళాశాలలు స్త్రీలను చేర్చుకొనుటకు వెనుదీయుచున్న కాలమది. 1869లో ఆ కళాశాల విద్యార్థినులు నగరములోని పెద్ద ఆసుపత్రికి పాఠము వినుటకు పోగా, అచ్చటి పురుష విద్యార్థులు కేకలు వేసి, కాగితపు ఉండలు విసరి, వారిని అవమానించిరి. స్త్రీలు కదలక కూర్చుండి పాఠము విని వెడలిరి. ఆ సంవత్సరముననే అందు పట్టము పొందిన క్లారా స్వేయిన్ 1870లో మన దేశమునకు వచ్చి బరేలీలో వైద్యము ప్రారంభించెను. మహారాష్ట్ర వనిత ఆనందీబాయి జోషి 1886లో పట్టము పుచ్చుకొన్నదియు ఆ కళాశాలనుండియే. కుగ్లరు 1879లో పట్టభద్రురాలయ్యెను.

అటుపిమ్మట ఆమె నారిస్‌టౌన్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో రెండేండ్లు పనిచేసెను. అచ్చట స్త్రీల విభాగమునకు అధికారిణి డాక్టరు ఆలిస్ బెన్నెట్టు. రోగులను కట్టివేయు దురాచారమును తగ్గించి, వారికి చేతిపనులు కల్పించి పేరొందిన స్త్రీ ఆమె. కట్లు విప్పిన చోట కావలి యుండవలెను. రోగి నిన్న ఎట్లుండెనో నేటి పరిచారికకు తెలియవలెను. ఆ ఆసుపత్రిలో గడపిన కాలము కుగ్లరునకు వృథా పోలేదు.

అక్కడ నుండగనే ఆమెకు గుంటూరులోని లూథరన్ మిషనరీ ఆడం రో వ్రాసిన లేఖ అందెను. గుంటూరు సీమ స్త్రీలకు వైద్యురాలు ఎంత అవసరమో ఆ లేఖ తెలిపెను. ఆమె లూథరన్ స్త్రీల సమాజమునకు దరఖాస్తు పెట్టుకొనెను. వైద్య సేవకు ధనమిచ్చుటకు ఆ సమాజమువారు సంసిద్ధులు కారైరి. మహమ్మదీయ స్త్రీలకు వారి యిండ్లలో చదువు చెప్పు ఉపాధ్యాయినిగ పోవుదువా యని యడిగిరి. ఆమె సరే యనెను. ప్రయాణపు పెట్టెలలో మాత్రము మందులును పనిముట్లును సర్దుకొనెను. 1883 ఆగస్టులో ఓడ యెక్కెను.

గుంటూరు చేరిన పిమ్మట ఆమె మొదటి పని తెలుగు నేర్చుకొనుట. రెండవది బాలికల పాఠశాలల పని. ఈ రెండింటి నడుమ దొరికిన వేళలో ఆమె రోగులను చూచుచుండెను. మొదటి యేడే నాలుగు వందలకు పైబడి రోగులు, కొందరు వారి యిండ్లలో, కొందరు ఆమె నివాసమున, ఆమె చికిత్స పొందిరి. ఆచారము గల యిండ్లలో విదేశస్థురాలి స్పర్శ మైలగ నెంచబడెడిది. ఆమె వచ్చి పోయిన పిమ్మట ఇల్లు శుద్ధి చేసికొనెడివారు. అయినను అవసరము వచ్చినప్పుడు మరల ఆమెకే కబురు పంపెడివారు. అమెరికాలోని సమాజమువారు ఈ వార్తలు విని, 1885 డిసెంబరులో ఆమెను వైద్య మిషనరీగ నియమించిరి. మరుసటి యేడు చిన్న యింటిలో ఔషధశాల వెలసెను.

ఇండ్లకు పోయి చేయు వైద్యములో ఒక చిక్కు కలదు. వైద్యురాలు మందిచ్చి వెడలిపోవును. తరువాత రోగి ఇంటివారి చేతిలోనిది. అత్తగారు ఒక కషాయము పోయును, మేనత్త మరియొకటి పోయును, భూతవైద్యుడు తాయెత్తు గట్టి ఉపవాసముండుమనును. మూడు పూటలకని యిచ్చిన మందును త్వరగ నయమగునని ఒకే మారు త్రాగించుటయు గలదు. వారిలో నొక్కరికిని చెడ్డ తలంపు లేదు. రోగికి ఎవరు ఏమి పెట్టిరో రెండవవారికి తెలియదు, అంతియే. మరునాడు వచ్చిన వైద్యురాలికి జ్వరము పెరిగినదో, మందు వికటించినదో తెలిసికొను దారి లేదు. ఆసుపత్రి యుండవలెనని ఆమె పట్టుపట్టుటకు ఇట్టి కారణములు చాలును.

1889లో ఆమె స్వదేశమునకు పోయి, ఊరూర తిరిగి, ఆసుపత్రికై ధనము సేకరించి మరల వచ్చెను. గుంటూరులో పదునెనిమిది ఎకరముల స్థలము కొనబడెను. 1893లో కొత్త ఔషధశాల తెరువబడెను. 1898 నాటికి ఏబది పడకల ఆసుపత్రి నిలిచెను. స్త్రీల కొరకును, పిల్లల కొరకును ఏర్పడిన ఆ ఆసుపత్రికి దూరపు తాలూకాలనుండి గూడ సవారి బండ్లు రాసాగెను.

ఆసుపత్రి కట్టుట కంటె దానిని నడపుట కష్టము. ఇంటిలో రోగికి ఒకరిద్దరు ఉపచారము చేయుదురు. ఆసుపత్రిలో వైద్యురాలు, పగటి నర్సు, రాత్రి నర్సు, మందు కలుపువారు, వంటవారు, ఆయా, ఊడ్చువారు, ఇందరు రోగి చుట్టును తిరుగుదురు. ప్రతి యొక్కరికిని రోగిని గూర్చి కొంత కొంత తెలియును. సర్వము తెలిసినవారు ఒక్కరును ఉండరు. ఆ ముక్కలను కలిపి కుట్టు సూది దారము లేనిచో, ఏబది పడకలు గల యిల్లు ఒక్క పడక గల యింటికంటె అపాయకరము. ఇంటి యత్తగారు చేసిన పొరపాటునే ఆసుపత్రిలో పదిమంది చేయవచ్చును.

ఇంగ్లండులో ఫ్లారెన్సు నైటింగేలు 1860లో లండను సెయింటు తామసు ఆసుపత్రి యొద్ద నర్సుల పాఠశాల నెలకొల్పినది ఈ సంగతి గ్రహించియే. తాను దగ్గర నున్నప్పుడు చేయు పని తాను లేనప్పుడును తప్పక జరుగునట్లు ఏర్పాటు చేయుటయే మంచి పరిచారిక లక్షణమని ఆమె బోధించెను. ఆ విద్య ఖండాంతరములు దాటినది. గుంటూరునకు దానిని తెచ్చినది కాతరిన్ ఫాస్. ఆమె శిక్షణ పొందిన నర్సు. అమెరికానుండి 1890 తరువాతి దశకములో వచ్చెను. వైద్యురాలు మేరీ బేరు గూడ ఆ కాలముననే వచ్చి చేరెను. కుగ్లరు, ఫాసు, బేరు ముగ్గురును కలిసి తెలుగు బాలికలకు నర్సు పని నేర్పసాగిరి.

ఆ బాలికలు ఎవరు? కూలి కుటుంబములనుండి వచ్చి మిషను పాఠశాలలలో నాలుగక్షరములు నేర్చినవారు కొందరు, దిక్కులేని వితంతువులు కొందరు. చదువ నేర్చిన స్త్రీలే మిక్కిలి అరుదైన కాలము. పరాయివారి మలమూత్రములు ఎత్తు పనిని గౌరవముగ చూచు కాలము కాదు. అట్టి పనికి బిడ్డను పంపుమనిన ఎవరు పంపుదురు? కనుక వచ్చినవారితోనే పాఠశాల నడువవలసి యుండెను.

అట్టి పాఠశాలలలో నేర్పు విద్యలో మొదటిది జ్ఞాపకమును నమ్మకుండుట. రోగి జ్వరమును వేళ తప్పక కొలిచి, వెంటనే కాగితముమీద వ్రాయవలెను. మందు ఇచ్చిన వేళ వ్రాయవలెను. ఇయ్యనిచో, ఇయ్యలేదని వ్రాయవలెను. నర్సు మందు సీసాపై నున్న చీటిని మూడు మారులు చదువవలెను: బీరువానుండి తీయునప్పుడొకమారు, పోయునప్పుడొకమారు, మరల పెట్టునప్పుడొకమారు. ఆ రోజులలో విషపు మందుల సీసాలను గరుకు గీతలు గల రంగు గాజుతో చేసెడివారు. దీపము ఆరిన రాత్రి చేతికి తగిలినను ఇది త్రాగు మందు కాదని వ్రేళ్ళకు తెలియవలెనని దాని యుద్దేశము. పుండ్లు కడుగు కార్బాలికామ్లము త్రాగు మందుతో కలిసిన యెడల ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

రెండవది అప్పగింత. తెల్లవారి పగటి నర్సు రాగానే రాత్రి నర్సు తట్టాబుట్టా సర్దుకొని పోరాదు. ఇద్దరును పడక పడకకు నడచి, ఈమె నాలుగు మారులు వాంతి చేసికొన్నది, ఈ బాలింతకు రక్తస్రావము ఎక్కువగ నున్నది, ఈ బిడ్డ తెల్లవారుజామునుండి పాలు త్రాగలేదు అని ఒక్కొక్కటి చెప్పి, విన్నామె దానిని తిరిగి పలికినపిమ్మట గాని కదలరాదు. కూతురును అత్తవారింటికి అప్పగించు తల్లి ఎన్ని సంగతులు చెప్పునో తెలుగువారికి క్రొత్తగ చెప్పవలసిన పని లేదు.

శస్త్రచికిత్స గదిలో మరియొక నియమము. రక్తము అద్దు గుడ్డ ముక్కలను కోత పెట్టుటకు ముందు ఒక నర్సు లెక్కించును. కుట్లు వేయుటకు ముందు మరల లెక్కించును. పన్నెండు లోపలికి పోయి పదునొకండు బయటికి వచ్చినచో, వైద్యురాలు సూదిని ప్రక్కన పెట్టి వెదకవలెను. అప్పుడు లెక్క తప్పినదని చెప్పవలసినది ఆ గదిలో అందరికంటె చిన్నది.

అన్నిటిలోను కఠినమైన పాఠము ఇదియే. పెద్దలయెదుట నోరు మెదపరాదని చిన్ననాటినుండి నేర్పబడిన పిల్ల, ఊరిలో బావి గట్టు ఎక్కనీయని కులములో పుట్టిన పిల్ల, దొరసాని గారూ, లెక్క తక్కువైనది అని ఎట్లు చెప్పగలదు? చెప్పినచో కోపపడుదురేమోనని భయము. చెప్పకున్నచో రోగి చచ్చునని ఆమెకు నేర్పవలెను. తాను చేసిన తప్పును తానే వచ్చి చెప్పుకొన్న పిల్లను దండించినచో, రెండవ తప్పు ఎన్నటికిని బయటపడదు. శిక్షణ యిచ్చువారు గూడ కోపమును దిగమ్రింగుట నేర్వవలెను. ఈ పాఠము ఆ కాలముతోనే తీరిపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సలకై పందొమ్మిది అంశముల పట్టిక నొకదానిని ప్రకటించెను. కోత పెట్టుటకు ముందు గదిలోని వారందరును తమ పేరును పనిని బిగ్గరగ చెప్పవలెననునది అందొక అంశము. ఒకమారు నోరు విప్పినవారు అపాయము చూచినప్పుడు మరల విప్పుదురని దాని భావము. ఢిల్లీతో కూడ ఎనిమిది నగరములలో దానిని పరీక్షించి చూడగా, శస్త్రచికిత్స తరువాతి మరణములు నూటికి ఒకటిన్నరనుండి ఒకటికి లోబడినవి. మందు క్రొత్తది కాదు, కత్తి క్రొత్తది కాదు. ఒకరితో నొకరు మాటలాడిరి.

గుంటూరు ఆసుపత్రిలో మాటల చిక్కు వేరొకటియు గలదు. పల్లెనుండి వచ్చిన స్త్రీ నాకు వేడి చేసినదని చెప్పును. అది నోటి పూత కావచ్చును, మూత్రపు మంట కావచ్చును, ముక్కునుండి రక్తము కారుట కావచ్చును. కడుపులో బల్ల పెరిగినదనును, అది ప్లీహము. నెల తప్పిన సంగతి సూటిగ చెప్పక, నీళ్ళు పోసికొన్నాననును. అమెరికా వైద్యురాలు తెలుగు ఎంత శ్రద్ధగ నేర్చినను, ఈ మాటల లోతు తెలిసినది తెలుగు నర్సుకే. ఆమె రోగి మాటను వైద్యురాలికిని, వైద్యురాలి మాటను రోగికిని చేర్చు వంతెన. ఆ వంతెన ఒక్క మాట జారవిడిచినను మందు మారిపోవును. గురువు శిష్యురాలినుండి నేర్చుకొనిన పాఠమిది.

కులభేదము మరియొక కొండ. అగ్రకులపు రోగి కొందరు నర్సుల చేతి నీరు ముట్టదు. మందైనచో పుచ్చుకొనును గాని అన్నము పుచ్చుకొనదు. బంధువులు బయటనుండి వండి తెచ్చి పెట్టినచో, పథ్యము మాట ఎవరికి తెలియును? ఈ చిక్కును కొంత తీర్చినది ఏలూరు జమీందారు రాజా మంత్రిప్రెగడ భుజంగరావు. ఆయన తెలుగు కవి గూడ. కుగ్లరు తన కుటుంబమునకు చేసిన వైద్యమునకు కృతజ్ఞుడై, హిందూ రోగుల బంధువులు దిగి వంట చేసికొనుటకు ఆసుపత్రి చెంత సత్రము కట్టించెను. బంధువులు చేరువలో నున్నచో నర్సు వారితో పథ్యము గూర్చి మాటలాడవచ్చును. వైద్యముతోపాటు చేయు మతబోధ కొందరికి రుచింపకపోవుట నిజమే. అట్టివారును బిడ్డకు జబ్బు చేసినప్పుడు ఆ ఆసుపత్రి మెట్లెక్కిరి.

గుంటూరునకు పశ్చిమమున పల్నాడు. నాపరాళ్ళ నేల, ఎఱ్ఱని యెండ, నీటి కరవు. అచ్చట లూథరన్ మిషను పని కుగ్లరు రాకకు చాల ముందే మొదలిడినది. 1842లో గుంటూరు చేరిన హేయరు పాదరి 1849లో గురజాలకు పోయి నివసించెను. ఆయనయు వైద్యము చదివినవాడే. గురజాలనుండి గాని మాచెర్లనుండి గాని గర్భిణిని రెండెడ్ల బండిలో గుంటూరునకు తెచ్చుట యనిన అరువది మైళ్ళకు పైబడిన దారి. బండి చేరునప్పటికి ప్రాణముండునో లేదో దైవాధీనము. కనుక కుగ్లరు కాలములోనే రెంటచింతలలో మిషను వైద్యశాల వెలసెను. చీరాలలోని ఆసుపత్రికి మేరీ బేరు పెద్దయయ్యెను. వేసవిలో ఆంధ్రదేశమునకెల్ల మిక్కిలి వేడి గల యూళ్ళలో రెంటచింతల యొకటి. వైద్యురాలు ఎల్లప్పుడును దగ్గర నుండని అట్టి తావున శిక్షణ పొందిన నర్సే రోగికి దిక్కు. ఏ రోగిని తానే చూచుకొనవలెనో, ఏ రోగిని బండి యెక్కించి పంపవలెనో ఆమె నిర్ణయింపవలెను. పంపునప్పుడు ఏమి మందిచ్చినదో, ఎప్పుడిచ్చినదో చీటి వ్రాసి బంధువుల చేతికీయవలెను. ఆ చీటి లేనిచో అరువది మైళ్ళు వచ్చిన రోగి మొదటినుండి క్రొత్త రోగియే.

ఏండ్లు గడచిన కొలది ఆసుపత్రి పెరిగెను. ప్రసూతి, శిశు విభాగములు చేరెను. మొదట ఒంటరిగ వచ్చిన వైద్యురాలి చుట్టును వైద్యురాండ్రు, నర్సులు, మందు కలుపువారు ఒక పెద్ద కుటుంబమైరి. ప్రభుత్వమువారు ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకమునిచ్చి గౌరవించిరి. నర్సులను, మంత్రసానులను నమోదు చేయు చట్టము మద్రాసు రాజధానిలో 1926లో వచ్చెను. అప్పటికి గుంటూరులో ఆ శిక్షణ ఎన్నో యేండ్లుగ సాగుచునే యుండెను.

వయస్సు పైబడి ఆరోగ్యము సడలినను కుగ్లరు గుంటూరును విడువలేదు. 1928లో ఆమె తన ఆసుపత్రి చరిత్రను ఇంగ్లీషున గ్రంథముగ ప్రకటించెను. 1930వ సంవత్సరము జూలై 26వ తేదీన, డెబ్బది నాలుగవ యేట, గుంటూరులోనే కన్ను మూసెను. ఉపాధ్యాయినిగ అడుగు పెట్టిన యూరిలో ఆమె నలువది యేడేండ్లు వైద్యురాలుగ గడపినది. తరువాత ఆ ఆసుపత్రికి కుగ్లరు ఆసుపత్రియని పేరు పెట్టిరి. ఆమె లేని మొదటి రాత్రి గూడ రోగులుండిరి. దీపములు వెలిగించి, జ్వరములు కొలిచి, కాగితములమీద వ్రాసి, తెల్లవారిన పిమ్మట పడక పడకకు నడచి పగటివారికి అప్పగించుటకు ఆమె నర్సులుండిరి.